నిట్స్ సరే.. వెలుగు ఎంత వేస్ట్ అవుతోందో కూడా చెప్పండి!

ఫోన్ లాంచ్ అనగానే ఒకటే ఊదర: 'పీక్ బ్రైట్‌నెస్ ఇన్ని వేల నిట్స్!' ఆ వెలుగుకి బ్యాటరీ ఎంత ఖర్చవుతుందో మాత్రం స్పెక్ షీట్‌లో వెతికినా దొరకదు. నా దృష్టిలో అసలు చెప్పాల్సిన నంబర్ అదే.

మాది పాచిపెంట. మొన్న ఊరెళ్లినప్పుడు పగలంతా ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టి ఫోన్ వాడాను. సాయంత్రం గాలివాన, కరెంటు పోయింది. ఛార్జ్ చూస్తే 12 శాతం. "కొత్త ఫోనే కదరా, అప్పుడే అయిపోయిందా?" అంది అమ్మ. నిజమే, ఎటు పోయింది?

చాలా వరకు డిస్‌ప్లేలోనే. ఓఎల్ఈడీలో కరెంటు వల్ల పుట్టే ఎక్సైటాన్లలో నాలుగింట ఒక వంతే మామూలు ఫ్లోరసెంట్ పదార్థంలో వెలుగుగా మారతాయి. మిగతా మూడు వంతులు చాలావరకు వేడే. 1998లో వచ్చిన ఫాస్ఫోరసెంట్ పదార్థాలు ఈ లోటు తీర్చాయి. ఎరుపు, ఆకుపచ్చకి అవే వాడుతున్నారు. నీలానికి మాత్రం ఎక్కువ కాలం మన్నక, ఇప్పటికీ ఎక్కువగా పాత ఫ్లోరసెంటే.

పుట్టిన వెలుగైనా బయటికొస్తుందా అంటే, అదీ లేదు. సాదా ఓఎల్ఈడీలో సుమారు 20 శాతమే బయటపడుతుంది. మిగతాది గాజులో, పొరల్లో చిక్కుకుపోతుంది, మెటల్ ఎలక్ట్రోడ్ దగ్గర కొంత ఆవిరైపోతుంది. పైన ఉండే పోలరైజర్ వచ్చినదాంట్లో సగానికి పైగా మింగేస్తుంది. తెల్ల ఓఎల్ఈడీ మీద కలర్ ఫిల్టర్లు పెట్టే టీవీల్లో ఇంకో కోత. అందుకే వాటిలో ఫిల్టర్ లేని తెల్ల సబ్‌పిక్సెల్ కూడా పెడతారు.

ఇది మారని తలరాతేం కాదు. 2021లో గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 3లో శాంసంగ్ పోలరైజర్ తీసేసింది. కరెంటు వాడకం 25 శాతం దాకా తగ్గుతుందని కంపెనీ లెక్క. 2023లో ఎల్‌జీ డిస్‌ప్లే టీవీ ప్యానెల్స్‌కి మైక్రోలెన్స్‌లు పెట్టి, చిక్కుకున్న వెలుగుని బయటికి లాగింది.

'డార్క్ మోడ్ పెట్టుకోండి' అనే సలహా సగమే నిజం. 2021 పర్డ్యూ యూనివర్సిటీ పరీక్షల్లో ఫుల్ బ్రైట్‌నెస్‌లో 39-47 శాతం ఆదా అయింది. కానీ 30-50 శాతం బ్రైట్‌నెస్‌లో 3-9 శాతమే. అంటే ఎండలో పనికొస్తుంది, ఇంట్లో పెద్దగా కాదు.

కంపెనీలకి నేను చెప్పేది ఒక్కటే: 500 నిట్స్ దగ్గర ఫుల్ వైట్ స్క్రీన్‌కి ఎన్ని వాట్లు అవుతుందో బాక్స్ మీద రాయండి. రివ్యూయర్లు కూడా అది కొలిచి చెప్పాలి, మనతో సహా. ప్లగ్ ఎప్పుడూ పక్కనే ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కావచ్చు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో మాత్రం, రాత్రి అత్యవసరంగా ఒక ఫోన్ కాల్ వెళ్తుందా లేదా అనేది ఆ నంబర్ మీదే ఉంటుంది.