హబ్ కొనే ముందు ఆంపియర్లు అడగండి

మన క్యాంపస్‌లో ఎవరు యూఎస్‌బీ హబ్ కొన్నా పక్కవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని పోర్టులు? ఎంతకొచ్చింది? నాలుగు పోర్టులది రెండొందలకి వచ్చిందంటే "భలే కొట్టావ్ రా" అంటారు. ఏడు పోర్టులది మూడొందలకే వస్తే ఇక వాడు ఆ వారానికి హీరో. ఈ ప్రశ్నలు అడగొద్దని నేననను. కానీ వీటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: దీని వెనకాల ఎన్ని ఆంపియర్లున్నాయి? దానికి పెట్టె మీద జవాబు లేకపోతే ఆ హబ్ మౌసుకీ కీబోర్డుకీ తప్ప నమ్మదగింది కాదని నా అభిప్రాయం. నాలుగు నెలల ప్రాజెక్టు డేటా ఉన్న హార్డ్ డిస్కుని తీసుకెళ్ళి దానికి తగిలించడం మాత్రం వద్దే వద్దు.

మన హాస్టల్ మేడ మీద ట్యాంకు ఒకటే. కింద నాలుగు కుళాయిలుండగా మరో మూడు బిగించారనుకోండి, నీళ్ళేమీ పెరగవు. పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి తిప్పితే ఎవరి బకెట్లోనైనా సన్నటి ధారే. అడాప్టరు లేని హబ్ చేసేది సరిగ్గా ఇదే. ల్యాప్‌టాప్‌లోని ఒక్క పోర్టు ఇచ్చే కరెంటునే అది అందరికీ పంచుతుంది. కొత్తగా తెచ్చేదేమీ లేదు.

ఆ ఒక్క పోర్టు ఇచ్చేదెంత? 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. 2008 నాటి 3.0 దాన్ని 900కి పెంచింది. వాట్లలో చెప్పాలంటే రెండున్నర, నాలుగున్నర. గదిలో వెలిగే మామూలు ఎల్ఈడీ బల్బు కూడా ఇంతకంటే ఎక్కువే తాగుతుంది. 2.0 ప్రమాణం రాసినవాళ్ళు ఈ పంపకాల లెక్క ముందే వేశారు. అడాప్టరు లేని హబ్ తన ఖర్చుకి 100 ఉంచుకుని, మిగిలిన 400ని నాలుగు పోర్టులకు తలా 100 చొప్పున ఇవ్వాలన్నారు. అంటే అలాంటి హబ్‌కి నాలుగుకి మించి పోర్టులు ఉండడానికే వీల్లేదు.

మరి అడాప్టరు లేని ఏడు పోర్టుల హబ్బులు మార్కెట్లో ఎలా దొరుకుతున్నాయంటారా? చాలావాటి లోపల నాలుగేసి పోర్టుల చిప్పులు రెండుంటాయి. మొదటి చిప్పులో ఒక పోర్టు రెండో చిప్పుని తగిలించడానికే పోతుంది. నాలుగూ నాలుగూ ఎనిమిది, అందులోంచి ఒకటి తీసేస్తే ఏడు. పది పోర్టులదైతే మూడు చిప్పులు, రెండు పోర్టులు లోపలి గొలుసుకే ఖర్చు. ఎనిమిది, పన్నెండు అని గుండ్రంగా లేకుండా ఏడు, పది అనే అంకెలే ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమైందిగా. ఒక హోస్టుకి 127 పరికరాలు తగిలించవచ్చని మన పుస్తకాల్లో ఉంటుంది కానీ, అది ఏడు బిట్ల అడ్రసుల లెక్క. దానికీ కరెంటుకీ సంబంధం లేదు.

ఇక తాగేవాళ్ళ వైపు చూద్దాం. మౌసు, కీబోర్డు లాంటివి పాపం సాధువులు. ఒక్కోదానికి 100 మిల్లీ ఆంపియర్లు చాలు. ఆర్డుయినో ఊనో బోర్డు ఒక్కటీ అయితే 50 ప్రాంతంలోనే ఉంటుంది, కానీ దానికి రెండు సర్వో మోటార్లు తగిలించగానే కథ మారిపోతుంది. ఈఎస్‌పీ32కి కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలిగే సరఫరా ఉండాలని దాన్ని తయారుచేసే ఎస్ప్రెసిఫ్ సంస్థే చెబుతోంది. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో అది ఒక్కసారిగా కరెంటు లాగుతుంది మరి. అంటే ఆ ఒక్క బోర్డుకే 2.0 పోర్టు మొత్తం రాసిచ్చెయ్యాలి. జేబులో పట్టే రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఇంకా ఎక్కువ అడుగుతుంది. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్ళకి ఇంకో మాట. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తాయి. పై 5కి 3 ఆంపియర్ల చార్జరు పెడితే అన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే. 5 ఆంపియర్లది పెడితేనే 1.6 దాకా వెళ్తుంది.

చాలనప్పుడు ఏమవుతుంది? పొగలు రావు, పేలదు. అలా జరిగితే నిజానికి మంచిదే, తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసిపోయేది. జరిగేదేమిటంటే వోల్టేజీ కాస్త జారుతుంది, పరికరం ఒక్క క్షణం కళ్ళు తిరిగి పడిపోయి మళ్ళీ లేస్తుంది. విండోస్ "డిడింగ్" అని ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది. మా సీనియర్ల టీమొకటి అడాప్టరు లేని హబ్‌కే వెబ్‌క్యామ్, ఈఎస్‌పీ32, బయటి హార్డ్ డిస్కు మూడూ తగిలించి ఫొటోలు రికార్డు చేసేవారు. మధ్యమధ్యలో ప్రోగ్రామ్ ఆగిపోయేది. రెండు రాత్రులు పైథాన్ కోడ్‌ని తిరగేసి మరగేసి వెతికారు. మూడో రోజు డిస్కు తెరవబోతే, వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యమంది. ఆరు వారాల ఫొటోలు! రికవరీ సాఫ్ట్‌వేర్‌తో సగమే తిరిగొచ్చాయి. రివ్యూకి ఆ సగంతోనే వెళ్ళారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కాదు. మనందరికీ ఉన్న జబ్బే ఇది, ఏది ఆగిపోయినా ముందు కోడ్‌ని అనుమానిస్తాం, ఆ తర్వాత పక్కవాడి కోడ్‌ని. బల్ల మీద అమాయకంగా కూర్చున్న రెండొందల రూపాయల డబ్బా మీదికి ఎవరి చూపూ పోదు.

కాబట్టి డిస్కులూ బోర్డులూ తగిలించే పనుంటే గోడకి పెట్టే అడాప్టరు ఉన్న హబ్బే కొనాలి. అడాప్టరు ఉంటే చాలదు, దాని మీద రాసింది చదవాలి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే మొత్తం 10 వాట్లు. ఏడు పోర్టులకి పంచితే ఒక్కోదానికి 300 మిల్లీ ఆంపియర్లు కూడా రావు. ఏడు పోర్టులకీ 500 చొప్పున రావాలంటే మూడున్నర ఆంపియర్లు కావాలి, అంటే 4 ఆంపియర్ల అడాప్టరుంటే నిశ్చింత. కొన్నిటికి 12 వోల్టుల అడాప్టరిచ్చి లోపల 5కి దించుకుంటారు. అప్పుడు ఆంపియర్లు కాకుండా వాట్లు పోల్చండి. అన్నట్టు, ఈ 12 వోల్టుల సంగతి హాస్టల్లో చాలా ప్రమాదం. వైఫై రూటరు అడాప్టరు పిన్ను 5 వోల్టుల హబ్‌లో కూడా చక్కగా దూరిపోతుంది. దూరింది కదా అని పెడితే హబ్‌తో పాటు దానికి తగిలించినవన్నీ పోవచ్చు. అడాప్టరు మీదా హబ్ మీదా మార్కరుతో వోల్టులు రాసి పెట్టుకోండి.

మన దేశంలో అమ్మే ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ రిజిస్ట్రేషను తప్పనిసరి. ముద్ర దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఒక నంబరుంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరి పేరు మీదుందో చూపిస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోటికి వెళ్ళి కొనేవాళ్ళకి ఇదే లాభం. పెట్టె తెరిపించి అడాప్టరు చేతిలోకి తీసుకుని చదవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోల్లో అడాప్టరు లేబులు వెతకండి. అమ్మేవాడు పెట్టిన బొమ్మలో అది ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటుంది, ఎందుకో మరి.

తీగ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీన్ని ఈఈఈ వాళ్ళు కూడా పట్టించుకోరు. సన్నటి 28 గేజి రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓములు. కరెంటు వెళ్ళడానికొకటి, రావడానికొకటి కలిపి 0.42. అందులో 900 మిల్లీ ఆంపియర్లు పోతే దాదాపు 0.38 వోల్టులు దారిలోనే ఆవిరి. ఫస్టియర్‌లో చదివిన ఓమ్ సూత్రమే ఇది. అడాప్టరు లేని హబ్ తీసుకుంటే తీగ పొట్టిగా ఉన్నది తీసుకోండి. మీటరు తీగ ఉంటే బల్ల మీద అందంగా సర్దుకోవచ్చు కానీ ఆ అందానికి ధర డిస్కు చెల్లిస్తుంది.

వేగం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అని మూడు పేర్లు కనిపించినా మూడూ ఒకటే, సెకనుకు 5 గిగాబిట్లు. పేరు మారింది కదా అని ఎక్కువ డబ్బులు ఇవ్వకండి. పోర్టు నీలంగా ఉంటే 3.0 అని నమ్మకండి. ఆ రంగు సిఫార్సు మాత్రమే, ఎవరైనా నీలం ప్లాస్టిక్ పెట్టుకోవచ్చు. ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. పాత పోర్టులో నాలుగు లోహపు పట్టీలుంటాయి, 3.0లో ఇంకో ఐదు కలిపి తొమ్మిది. కొన్ని హబ్బుల్లో ఒక్క పోర్టే 3.0 ఉండి మిగతావి 2.0 ఉంటాయి. ఆ సంగతి పెట్టె మీద చిన్నక్షరాల్లో ఉంటుంది. మౌసుకి 3.0 అక్కర్లేదు కాబట్టి దాన్ని తప్పని చెప్పలేం.

మౌసంటే గుర్తొచ్చింది. హబ్‌లో 3.0 డిస్కు పెట్టగానే వైర్‌లెస్ మౌసు తడబడుతోందని మా వింగ్‌లో చాలామంది ఫిర్యాదు. హబ్ పాడైపోలేదు. 3.0 సంకేతాల చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దాకా పాకుతుందనీ, వైర్‌లెస్ మౌసులు వాడేది ఆ పౌనఃపున్యమే కాబట్టి ఇబ్బంది పడతాయనీ 2012లో ఇంటెల్ కొలిచి మరీ ప్రచురించింది. మౌసు రిసీవర్ని హబ్‌లోంచి తీసి ల్యాప్‌టాప్‌కి అటువైపు పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది.

టైప్-సీ హబ్బుల్లో అయితే హెచ్‌డీఎంఐ, చార్జింగు కూడా కలిసి ఉంటాయి. వాటి మీద రాసే 100 వాట్లు అనేది లోపలికి తీసుకోగలిగిన గరిష్ఠం. అందులోంచి హబ్ తన వాటా తీసుకునే ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది. 65 వాట్ల చార్జరు పెట్టి, బ్యాటరీ నెమ్మదిగా నిండుతోందని కంగారు పడొద్దు. ఇంకో విషయం, డిస్కులోకి ఫైళ్ళు కాపీ అవుతుండగా హబ్ నుంచి చార్జరు పీకకండి. కరెంటు ఎటునుంచి రావాలో ల్యాప్‌టాపూ హబ్బూ మళ్ళీ మాట్లాడుకునే ఆ అరక్షణంలో కొన్ని హబ్బులు డిస్కుని వదిలేస్తాయి.

"ఇదంతా సరే, డబ్బులెవడిస్తాడు?" అనేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్నే. మంచి అడాప్టరుతో ఏడు పోర్టుల హబ్ అంటే వెయ్యిన్నర పైమాటే. మౌసు, కీబోర్డు, అప్పుడప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ చాలనుకునేవాళ్ళు అంత పెట్టనక్కర్లేదు. రెండొందల హబ్ వాళ్ళకి హాయిగా సరిపోతుంది. నేను మాట్లాడేది ప్రాజెక్టు టీముల గురించి. నలుగురు తలా ఒక చవక హబ్ కొనే బదులు నలుగురికీ కలిపి ఒక గట్టి హబ్ కొంటే తలా నాలుగొందలు పడుతుంది. అసలు ఇది మన జేబులోంచే ఎందుకు రావాలి? ల్యాబులో ఓసిలోస్కోపు కాలేజీది, మల్టీమీటరు కాలేజీది, హబ్ మాత్రం పిల్లలు తెచ్చుకోవాలా? బెంచీకొకటి చొప్పున అడాప్టరున్న హబ్ బిగించి, వోల్టులూ ఆంపియర్లూ పైన అంటించి పెట్టమని ఈ సెమిస్టరు క్లాస్ రిప్రజెంటేటివ్‌లు డిపార్టుమెంటుని అడగాలి. ల్యాప్‌టాప్ కంపెనీలు ఎలాగూ మన మాట వినవు. 2015లో ఆపిల్ ఒకే ఒక్క టైప్-సీ పోర్టుతో 12 అంగుళాల మ్యాక్‌బుక్ తెచ్చినప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు మన బ్యాగుల్లో ఉన్న పల్చటి ల్యాప్‌టాపుల పక్కలు లెక్కపెట్టండి, రెండో మూడో.

హబ్ చేతికొచ్చిన రోజే, రిటర్న్ గడువు ఉండగానే, ఈ పని చేయండి. లినక్స్ అయితే 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కమాండుకి హైఫన్ 'టీ' చేర్చి కొట్టండి. 3.0 డిస్కు పక్కన 5000 కనిపించాలి, 480 కనిపిస్తే అది 2.0 దారిలో నడుస్తున్నట్టే. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ ట్యాబు ఉందేమో చూడండి, ఉంటే అందులో ఏ పరికరం ఎన్ని మిల్లీ ఆంపియర్లు అడుగుతోందో కనిపిస్తుంది. తర్వాత మీకున్నవన్నీ ఒకేసారి తగిలించి, పోయినా బాధ లేని ఓ 20 గిగాబైట్ల సినిమాలు డిస్కులోకి కాపీకి పెట్టి, వెబ్‌క్యామ్ కూడా ఆన్ చేసి టిఫిన్‌కి వెళ్ళి రండి. ఆఖరుగా ల్యాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేసి దాని చార్జరు తీసేయండి. హబ్ అడాప్టరు మాత్రం గోడకి ఉంచి, హబ్ తీగని రాస్ప్‌బెర్రీ పైకి గానీ డెస్క్‌టాప్‌కి గానీ పెట్టి చూడండి, వాటి సొంత కరెంటు ఆపేసి. పై మీద లైటు వెలిగినా, డెస్క్‌టాప్ ఫ్యాను కాస్త కదిలినా, ఆ హబ్ కరెంటుని వెనక్కి తోస్తోందన్నమాట. బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని అదే పెట్టెలో తిరిగి పంపించేయండి.