గుర్రుమనే కుక్కపిల్ల

ఇంటికి కొత్తవారు రాగానే కుక్కపిల్ల మంచం కిందికి దూరి గుర్రుమంటే, కొందరు మంచి కాపలా కుక్క అవుతుందని మురిసిపోతారు. కొందరు కర్ర తీస్తారు. రెండూ తప్పేనని నా అభిప్రాయం. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి గుర్రుమనేది పౌరుషంతో కాదు, భయంతో. దగ్గరికి రావద్దని చెప్పడానికి దానికి తెలిసిన మాట అదే. కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోతుంది గాని భయం పోదు. అటువంటి కుక్క రేపు చప్పుడు చేయకుండానే కరవవచ్చు.

కుక్కపిల్ల కొత్తవారితో సులభంగా చెలిమి చేసే వయస్సు సుమారు 3 నుండి 12 వారాలని స్కాట్, ఫుల్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1965లో ప్రచురించిన గ్రంథంలో వివరించారు. ఆ రోజులలో దానిని మూలన కట్టివేయరాదు. అలాగని కోరాపుట్ దగ్గరి కుందులి సంతకు ఎత్తుకుపోవడమూ తగదు. ఆ రద్దీకి పెద్ద కుక్కే బెదురుతుంది, పైగా టీకాలు పూర్తికాని పిల్ల. అరుగు మీద ఒడిలో ఉంచుకొని వచ్చేపోయేవారిని దూరం నుండి చూపితే చాలు. వచ్చినవారు దాని కళ్లలోకి చూడక, పక్కకు తిరిగి కూర్చుని, రొట్టె ముక్క నేలపై వేయాలి. తెలుగులో పిలిచినా, ఒడియాలో పిలిచినా, కువిలో పిలిచినా దానికి ఒకటే. గొంతు మెత్తగా ఉండాలి.

పన్ను గీరుకుంటే మాత్రం పిల్లదే కదా అని పసుపు అద్ది ఊరుకోరాదు. సబ్బుతో, పారే నీటిలో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా విషయం అడగాలి.