పుట్టుబుద్ధి అనే బూటకం

ఝపటాపూర్ నుండి నింపుర వరకు ఏ టీకొట్టు ముందు నిలబడినా ఈ మధ్య ఒక మాట తరచుగా వినబడుతున్నది. "తెలుగువాడి బుద్ధే అంత. నలుగురు కలిస్తే ఐదు సంఘాలు. అది రక్తంలోనే ఉన్న జబ్బు." ఈ మాట అనేవారు యాజమాన్యపు తాబేదారులైతే మేము లెక్కచేసేవారము కాము, వారి ఉద్యోగమే అది. కాని ముప్పయి ఏండ్లు సంఘంలో పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దలే, కుర్రవాళ్లు సభకు రాలేదన్న కోపంతో ఈ పాట ఎత్తుకున్నారు. కనుక జవాబు చెప్పక తప్పదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన ఇళ్లలో సామెత ఉన్నది. సామెత అయినంత మాత్రాన అది సత్యమైపోదు. అదే సత్యమైతే ఈ ఊరిలో కార్మిక సంఘమన్నదే పుట్టి ఉండదు.

ఖరగ్‌పూర్ పేరెత్తగానే అందరూ ప్లాట్‌ఫారం పొడవు చెబుతారు. 1072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని దాటిపోయినవి. ఆ మీటర్లు కొలిచిన శ్రద్ధలో పదోవంతు, ఈ ఊరికి మనుషులు ఎక్కడినుండి, ఏమి మోసుకుని వచ్చారో తెలుసుకొనుటకు ఎవరూ చూపలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక ప్రైవేటు కంపెనీ. 1902లో కటక్‌కు దక్షిణాన వాల్తేరు వరకు గల తూర్పుతీర మార్గం దాని చేతికి వచ్చింది. ఆ పట్టాల మీదుగానే నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలిజనం ఉత్తరానికి తరలివచ్చింది. 1896–97 కరవు వారి వెనుక ఉన్నది. జమీందారీ శిస్తు, వెట్టి వారి వెనుక ఉన్నవి.

వారు తెచ్చుకున్న సామానులో ఒక మాట కూడా ఉన్నది. ఆ మాట 'దొర'. ఊరిలో జమీందారు దొర. ఇక్కడ కార్ఖానాలో తెల్ల ఫోర్‌మన్ కూడా దొరే. ఒకే మాట ఇద్దరికీ సరిపోవటం భాషాదోషం కాదు, అది అనుభవం. దివాణం ముందు చేతులు కట్టుకుని నిలబడటం నేర్చినవాడు, కంపెనీ ఆఫీసు ముందు కూడా అట్లే నిలబడినాడు. ఇప్పుడు మన పెద్దలు అతనిని చూసి ఉంటే "బానిసబుద్ధి, రక్తంలో ఉన్నది" అని తీర్పు చెప్పేవారే! కాని ఆ మాటలోనే మరొక జ్ఞానం దాగి ఉన్నది: దొర అనేవాడు ఊరు మారినా దొరే, పొలం పోయి మరయంత్రం వచ్చినా పిండుకొనేది మన చెమటనే. భయమూ, ఎరుకా రెండూ ఒకే మాటలో ఇమిడి ఉన్నవి. వాటిలో ఏది పైకి వస్తుందో రక్తం నిర్ణయించదు. తరువాత నడిచిన చరిత్ర నిర్ణయిస్తుంది.

కంపెనీ రోజులలో యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగులకు ఒక జీతం, ఒక తరహా ఇల్లు, ఒక క్లబ్బు, భారతీయులకు మరొకటి. పైగా ఆ పై శ్రేణుల ఉద్యోగులను ఆగ్జిలరీ ఫోర్సులో చేర్చి చేతికి తుపాకి ఇచ్చేవారు. పక్క బల్ల మీద పనిచేసేవాడే సమ్మెనాడు ఎదుట ఆయుధంతో నిలబడతాడన్నమాట. ఈ ఏర్పాటు ఏ ఉపన్యాసం కన్న బాగా పాఠం చెప్పింది. 1927లో ఖరగ్‌పూర్ రెండుమార్లు ఆగిపోయింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె మార్చి వరకు నడిచింది. సెప్టెంబరులో రిట్రెంచ్‌మెంటు మీద మళ్లీ మొదలైన పోరు డిసెంబరు దాకా సాగింది. తెలుగువాడు, బెంగాలీ, ఒడియా, హిందుస్థానీ కలిసి వీధిలో నిలిచారు. నలుగురికి ఐదు సంఘాల రక్తం ఆనాడు ఎక్కడికి పోయింది?

స్వస్థలంలో మిగిలిన బంధువుల సంగతి కూడా చూడండి. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలో, అడవి కట్టెల హక్కు కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు గుడారి రాజమణిపురంలో గున్నమ్మ అనే గర్భిణి ప్రాణాలర్పించింది. అదే నేల, అదే భాష, అదే దొర. చేతులు కట్టుకున్నదీ ఆ జనమే. ఎదురు నిలిచినదీ ఆ జనమే.

ఇక ఎదుటి పక్షం వాదన ఒకటున్నది. అది మనలోని కొందరు మిత్రులదే. "మనిషిని పరిస్థితులు అచ్చు పోసినట్లు పోస్తాయి, కూలివాడు కూలివాడిగానే ఆలోచిస్తాడు, భాష, పండుగ, ఇంటి మాట ఇవన్నీ పైపూతలు" అంటారు. ఇదీ పొరపాటే. వి.వి. గిరిగారి జీవితమే దీనికి సాక్ష్యం. బరంపురంలో పుట్టిన ఆ యువకుడు 1913లో డబ్లిన్‌కు న్యాయశాస్త్రం చదువ పోయి, 1916 నాటి ఐరిష్ తిరుగుబాటు వేడిని కళ్లారా చూసి ఆ ఏటనే ఆ దేశం విడువవలసి వచ్చింది. డబ్లిన్‌లో చదివిన భారతీయ విద్యార్థులు ఆయన ఒక్కరే కారు. మిగిలినవారిలో ఎక్కువమంది వకీళ్లుగా తిరిగివచ్చి వకీళ్లుగానే ఉండిపోయారు. గిరిగారు ఈ రైల్వే కార్మికుల మధ్యకు వచ్చి 1927 పోరాటాన్ని నడిపించారు. అనుభవం అందరికీ ఎదురవుతుంది. దానితో ఏమి చేసుకోవాలన్నది మనిషి తేల్చుకోవాలి.

అదే గిరిగారు 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా కేంద్ర కార్మిక మంత్రి పదవిని వదలుకున్నారు. అంతవరకు మాకు గర్వమే. కాని 1974 మే 8న పదిహేడు లక్షల రైల్వే కార్మికుల సమ్మె ఆరంభమైనప్పుడు, భారత రక్షణ నిబంధనల కింద వేలాది మందిని జైళ్లలో కుక్కినప్పుడు, రాష్ట్రపతి భవనంలో ఉన్నవారు కూడా ఆయనే. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాపై నడుచుకోవాలన్నది రాజ్యాంగం. అది మాకు తెలియనిది కాదు. అయినా ఖరగ్‌పూర్ కార్మికుడు ఆ ఇరవై రోజులను ఆ విధంగా మరచిపోజాలడు. పదవి కూడా ఒక అనుభవమే. అది కూడా మనిషిని దిద్దుతుంది.

ఆ మే నెలలో మా ఇళ్లలో జరిగినది చెప్పాలి. మగవాళ్లు అరెస్టు తప్పించుకొనుటకు ఇల్లు విడిచిపోతే, క్వార్టర్సు ఖాళీ చేయమన్న నోటీసు అందుకున్నది ఆడవారు. సామాను వీధిలో పడుతుందని తెలిసి కూడా "వెళ్లి సంతకం పెట్టి డ్యూటీలో చేరండి" అని కబురు పంపని తల్లులను మేము ఎరుగుదుము. వారెవరూ సభ్యత్వ రసీదు చూసినవారు కారు. ఊరి అమ్మవారి పండుగకు ఇంటింటికి తిరిగి బియ్యం, చందా పోగుచేసే అలవాటుతోనే, సమ్మెలో ఉన్న ఇళ్లకు ఆనాడు బియ్యం పోగుచేశారు. పండుగ పైపూత అనే మిత్రులు ఈ బియ్యం లెక్క ఒకసారి చూడవలెను.

ఇప్పుడు కుర్రవాని సంగతికి వద్దాము. 2004 జనవరి 1 తరువాత చేరినవానికి పాత పింఛను లేదు. 2025 ఏప్రిల్ నుండి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలోనూ అతని జీతంలో కోత తప్పలేదు. అతని ప్రక్కనే, అదే పని చేస్తూ, కాంట్రాక్టరు ఇచ్చినంత పుచ్చుకుని పోయేవాడు ఉన్నాడు. ఒకే బల్ల మీద మూడు రకాల భవిష్యత్తులు పెట్టిన తరువాత, ఐకమత్యం ఏదని కుర్రవానినే నిలదీయటం ఏమి న్యాయం? తన ముందరివాడికి ఉన్న హక్కు తనకు లేకుండా పోయిన నాడు సంఘాలు ఉన్నాయి, నాయకులు ఉన్నారు. అతడు చూసినది అదే. అతని అనుమానం రక్తం నుండి రాలేదు, జీతపు చీటీ నుండి వచ్చింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిర్ణయించినప్పుడు మన వీధులలో మిఠాయిలు పంచారు. తప్పులేదు. కాని ఆ తెలుగులో 1927 గురించి, 1974 గురించి ఎంతమంది పిల్లలకు చెప్పాము? చెప్పని చరిత్ర ఎవరి దృక్పథాన్నీ తీర్చిదిద్దలేదు.

కడపటి మాట మా మీదనే. పోయిన నెల మా శాఖ సమావేశానికి ఒక కాంట్రాక్టు కుర్రవాడు తనంత తాను వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. పేరు వ్రాసుకుందామని సభ్యత్వ పుస్తకం తీస్తే, టోకెన్ నంబరు అడిగే గడి ఉన్నది గాని అది లేనివానికి గడి లేదు. పుస్తకం ముడిచి, మళ్లీ రమ్మని పంపించివేశాము. ఆ రోజు ఐకమత్యం లేనిది ఎవరికో పెద్దలు మాకు చెప్పవలెను. కొత్త పుస్తకాలు అచ్చుకు పోయేలోగా ఆ గడి చేర్చమని మా శాఖ తీర్మానం పంపుతున్నది. ఇతర శాఖలు కూడా పంపవలెనని కోరుతున్నాము.