మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఎంపిక: ముందు ప్రశ్న, తరువాతే పరికరం

ఇటీవలి పరిశోధనా ప్రతిపాదనలలో డ్రోన్‌కు అమర్చే మల్టీస్పెక్ట్రల్ కెమెరా తరచుగా కనిపిస్తున్నది. లక్షల రూపాయల విలువ చేసే ఈ పరికరం పట్ల యువ శాస్త్రవేత్తల ఉత్సాహం హర్షించదగినదే. అయితే "ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగిన వారిని "దానితో ఏ విషయం తేల్చదలిచారు?" అని తిరిగి అడిగితే స్పష్టమైన సమాధానం అరుదుగా లభిస్తున్నది. ప్రశ్న నిశ్చయం కానిదే పరికరం నిశ్చయం కాకూడదని నా అభిప్రాయం.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలనే ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి ప్రత్తి రైతుకు ప్రధాన శత్రువు గులాబి రంగు పురుగు. లార్వా కాయలో ప్రవేశించిన తరువాత రంధ్రం పూడుకుపోతుంది. పైనున్న ఆకులు పచ్చగానే ఉంటాయి. కెమెరా గ్రహించేది పైరు పైభాగం నుండి పరావర్తనం చెందిన కాంతిని మాత్రమే. కాయ లోపలి పురుగును అది చూడలేదు. వరుసగా మూడు రోజులు లింగాకర్షక బుట్టకు రోజుకు 8 చొప్పున మగ రెక్కల పురుగులు పడటం, గుడ్డి పూలు కనిపించడం, పచ్చికాయలను కోసి చూడటం – వీటికి ప్రత్యామ్నాయంగా కెమెరాను ప్రతిపాదించడం సరికాదు.

రెండవది కొలమానం. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితం. ప్రధాన వర్ణపట్టాలలో వాటి ఒక్కొక్క పిక్సెల్ 10 మీటర్ల చదరం, అంటే 100 చదరపు మీటర్లు. ఎకరానికి సుమారు 40 పిక్సెళ్ళు వస్తాయి. తుంగభద్ర దిగువ కాలువ ఆయకట్టులో ఎగువ, చివరి భూముల పైరు ఎదుగుదలను పోల్చదలిస్తే ఇవి చాలు. కెమెరా కొననవసరం లేదు. కానీ 6 మీటర్ల పొడవు, 5.4 మీటర్ల వెడల్పు గల ప్రయోగ మడి విస్తీర్ణం 32.4 చదరపు మీటర్లే. అది ఒక్క పిక్సెల్‌లో మూడవ వంతు కూడా లేదు. అక్కడ నత్రజని మోతాదుల తేడా చూడాలంటే డ్రోన్ కెమెరా అవసరమే. 5 సెంటీమీటర్ల పిక్సెల్‌తో అదే మడిలో 12,960 పిక్సెళ్ళు లభిస్తాయి. 90 సెంటీమీటర్ల ఎడంలో విత్తిన లేత ప్రత్తిలో వరుసల మధ్య నల్లరేగడి కనిపిస్తుంది కనుక, ఆకును, నేలను వేరు చేయడానికి కూడా ఈ సూక్ష్మత కావాలి. పైగా ఖరీఫ్ మేఘాలు ఉపగ్రహానికి అడ్డు వస్తాయి. డ్రోన్ మేఘాల కిందే ఎగురుతుంది.

నీటి ఎద్దడి అధ్యయనానికి థర్మల్ కెమెరా ఉపకరిస్తుంది. పత్రరంధ్రాలు మూసుకున్నప్పుడు ఆకు ఉష్ణోగ్రత పెరగడమే దీనికి ఆధారం. కానీ శీతలీకరణ లేని సాధారణ థర్మల్ కెమెరాల కొలతలో 5 డిగ్రీల వరకు దోషం ఉండవచ్చు. మనం పట్టుకోదలిచిన తేడా కూడా తరచుగా కొద్ది డిగ్రీలే. తడి, పొడి ప్రామాణిక ఉపరితలాలను అదే సమయంలో కొలవకుండా కేవలం చిత్రాలపై ఆధారపడితే నిర్ధారణ తప్పుతుంది.

ఇక్కడ నా పొరపాటును కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఆర్థిక సంవత్సరం ముగింపులో, నిధులు వెనక్కి పోతాయన్న తొందరలో, ఐదు వర్ణపట్టాల కెమెరాను నేనే ఎంపిక చేశాను. ప్రతి ఎగురవేతకు ముందు పరావర్తన ఫలకాన్ని చిత్రించాలన్న నియమాన్ని మేము ఖచ్చితంగా పాటించలేదు. ఫలితంగా రెండు సీజన్ల ఎన్‌డీవీఐ విలువలను ఒకదానితో ఒకటి పోల్చలేకపోయాము. ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసంలోని ఒక అధ్యాయం అలా వృథా అయింది. దోషం కెమెరాది కాదు, నాది.

కనుక కొనుగోలు ప్రతిపాదన రాసే వారు ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. పరిశీలించదలిచిన లక్షణం పైరు పైభాగంలో కనిపిస్తుందా? కనిపించవలసిన అతి చిన్న తేడా ఎంత? దానిని ఉచిత ఉపగ్రహ చిత్రంతోగాని, ఆకు రంగుల పట్టికతోగాని తెలుసుకోలేమా? ఫలకం, సూర్యకాంతి సెన్సార్, సాఫ్ట్‌వేర్ వార్షిక రుసుము, అదనపు బ్యాటరీలు, పైలట్ శిక్షణ, మరమ్మతు ఖర్చులు అంచనాలో ఉన్నాయా? కొన్న విద్యార్థి వెళ్ళిపోయిన తరువాత దానిని నడిపేదెవరు? విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుండి నిషేధం ఉన్నది, పరిశోధనకు అనుమతితో మినహాయింపు లభిస్తుంది; మరమ్మతు సౌకర్యం గురించి మాత్రం ముందే విచారించడం మేలు.

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ చిత్రం వలన రైతు తీసుకునే ఏ నిర్ణయం మారుతుంది? బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల రైతులతో నేరుగా పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి జవాబున్న చోట అత్యంత ఖరీదైన కెమెరానైనా సంకోచించకుండా కోరండి. జవాబు లేని చోట, ఆ నిధులతో మరొక సీజన్ క్షేత్ర పరిశీలన జరపడమే ఉత్తమ పరిశోధన.