హిట్లర్ మన చుట్టం కాదు

పోయిన ఎండాకాలం గూడెం పెళ్ళిళ్ళకు ఉమ్మడిగా వంట గిన్నెలు కొందామని చందాలు వేసుకుని సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు పోయాం. ముగ్గురం పంతుళ్ళం. వెంట డీఎడ్ పూర్తిచేసి డీఎస్సీ కోసం చదువుకుంటున్న కుర్రాడొకడు, మాకు అల్లుడి వరస. గుండిగలు, గంటెలు బేరం చేసి, కూరగాయల గంపల మధ్య నుంచి బయటపడేసరికి దారి పక్కన పట్టా పరిచి పాత పుస్తకాలు అమ్ముతున్నాడొకాయన. నిఘంటువులు, పోటీ పరీక్షల గైడ్లు, అబ్దుల్ కలాం. వాటి పక్కనే ఆ మీసకట్టుతో హిట్లర్, 'మైన్ కాంఫ్'. మా కుర్రాడు బేరమాడి కొనేశాడు.

"ఎందుకురా ఇది?" అన్నాం.

"ఈ దేశానికి ఇట్లాంటోడు ఒకడు రావాలె మామా. అప్పుడుగానీ అందరూ దారికి రారు" అన్నాడు. గిన్నెల కొట్టులో లెక్కల పుస్తకం మీద పసుపుతో వేసిన స్వస్తిక్ గుర్తు చూసి వచ్చాడేమో, "మన గుర్తే పెట్టుకున్నడు గదా. మన దేశమంటే ఆయనకు గౌరవం" అని కూడా కలిపాడు.

ఈ మాటలన్నవాడు పోడు భూమి పట్టా కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఇంటి పిల్లవాడు. రేపు మన గూడెం బడిలో పాఠం చెప్పబోయేవాడు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

తప్పు వాడొక్కడిది అనలేం. మన తెలుగు లోకమే హిట్లర్‌ను ఇంటి మనిషిని చేసుకుంది. గట్టిగా అరిచే హెడ్మాస్టరు హిట్లర్. ఆలస్యమైతే ఊరుకోని మామగారు హిట్లర్. 1997లో చిరంజీవి సినిమా పేరే 'హిట్లర్', అందులో ఆయన చెల్లెళ్ళ కోసం ప్రాణం పెట్టే అన్న. టీవీలో 'హిట్లర్ గారి పెళ్ళాం' అని సీరియల్ కూడా వచ్చింది. మరి తెలంగాణలో ఎవరైనా తమ అన్నను ముద్దుగా 'మా రజాకారు' అని పిలుస్తారా? పిలవరు. ఆ దెబ్బ మన ఊళ్ళు తిన్నాయి కాబట్టి పిలవరు. హిట్లర్ దెబ్బ తిన్నవాళ్ళు దూరాన ఉన్నారు కాబట్టి మనకు ఆ పేరు సరదా అయింది.

సరదా పక్కన పెట్టి మనిషిని చూద్దాం. 1889లో ఆస్ట్రియాలో పుట్టాడు. వియన్నా చిత్రకళా విద్యాలయం రెండుసార్లు చేర్చుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిగా పనిచేశాడు. 1923లో మ్యూనిక్ నగరంలో ప్రభుత్వాన్ని కూలదోయబోయి జైలుకు పోయాడు. ఆ జైల్లో మొదలుపెట్టిందే మా కుర్రాడు కొన్న పుస్తకం. 1933 జనవరి 30న జర్మనీ ప్రధాని అయ్యాడు. 1945 ఏప్రిల్ 30న బెర్లిన్‌లో నేలమాళిగలో తనను తానే కాల్చుకున్నాడు. మధ్యలో ఉన్నవి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో దాదాపు 60 లక్షల మంది యూదులను చంపించాడు. యుద్ధంలో కోట్ల మంది పోయారు. తన సొంత జర్మన్ సైనికులే 50 లక్షల మంది చచ్చారు. 'దేశాన్ని లేపినవాడు' అంటున్నారే, ఆయన వదిలిపోయిన దేశం రాళ్ళకుప్ప.

ఆయన నమ్మకం రెండు మాటల్లో చెప్పొచ్చు. మనుషుల రక్తంలోనే ఎక్కువ తక్కువలున్నాయి. ఎక్కువ రక్తం వాళ్ళకు తక్కువ రక్తం వాళ్ళ నేల మీద హక్కుంది. ఈ రెండు మాటలూ ఆదివాసికి కొత్తవా? మన తాతల కాలం నుంచీ వింటున్నవే.

ఆ ఎక్కువ రక్తానికి ఆయన పెట్టిన పేరు 'ఆర్య'. మన దేశపు మాటే. స్వస్తిక్ కూడా మన దేశంలో వేల ఏళ్ళుగా ఉన్న గుర్తే. 1920లో దాన్ని తన పార్టీ జెండా మీదికి ఎక్కించాడు. మోండా మార్కెట్ వ్యాపారి లెక్కల పుస్తకం మీద వేసుకునే శుభం గుర్తుకూ హిట్లర్ చేసిన పనికీ ఏ సంబంధమూ లేదు. కానీ గుర్తు తీసుకున్నంత మాత్రాన గౌరవించినట్టా? మన దగ్గర జిగురు, ఇప్పపువ్వు కొనుక్కుపోయే సావుకారు మనల్ని గౌరవించినట్టేనా? అదే పుస్తకంలో హిట్లర్ భారతదేశం మరెవరి చేతిలోనో ఉండటం కంటే ఇంగ్లీషువాళ్ళ కింద ఉండటమే తనకు ఇష్టమని రాశాడు. 1942లో ఆయనను కలిసిన సుభాష్ చంద్రబోస్, మన ప్రజలను కించపరిచిన ఆ రాతల సంగతి మొహం మీదే అడగాల్సి వచ్చింది. ఇక 'ఆర్య' అనే నిచ్చెన నిజంగా వేస్తే కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే మన భాషల కుటుంబమే వేరు. ఆ నిచ్చెనలో మనకు కింది మెట్టు కూడా ఉండదు.

నేల సంగతి చూడండి. తూర్పు యూరప్ నేలను హిట్లర్ జర్మన్ల 'జీవన స్థలం' అన్నాడు. అక్కడున్న జనాన్ని కోట్ల సంఖ్యలో వెళ్ళగొట్టి జర్మన్ రైతులను దింపాలని పథకాలు వేయించాడు. దీనికి ఆయన చూపించిన ఉదాహరణ ఏమిటి? అమెరికాలో తెల్లవాళ్ళు అక్కడి ఆదివాసులను ఊడ్చేసి నేల తీసుకున్న పద్ధతి. ఇంకో ఉదాహరణ, ఇంగ్లీషువాళ్ళ చేతిలోని మన దేశం. అంటే హిట్లర్ కొత్తగా ఏదో కనిపెట్టలేదు. ఆదివాసుల మీద, వలస దేశాల మీద అప్పటికే జరిగినదాన్ని తెచ్చి యూరప్ నడిబొడ్డున చేశాడు. యూరప్ ఉలిక్కిపడింది. మనం మాత్రం ఉలిక్కిపడాల్సింది పోయి ఆయన బొమ్మ కొనుక్కుంటున్నాం.

రోమా అనే జనం గురించి మన పిల్లలకు ఎంతమందిమి చెప్పాం? వేయి ఏళ్ళ కింద మన దేశం నుంచి పడమరకు వలసపోయిన సంచార జాతి. వాళ్ళ లెక్క వినండి: యెక్, దుయ్, త్రిన్, ష్టార్, పంజ్. మన తరగతిలోని లంబాడా పిల్లలకు దీనికి అర్థం చెప్పాల్సిన పనే లేదు. ఈ రోమా జనాన్ని నాజీలు 'పుట్టుకతోనే నేరగాళ్ళు' అన్నారు. 1936 నుంచి రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు మనుషులను పెట్టి వాళ్ళ తలలు కొలిపించాడు, కళ్ళ రంగు రాయించాడు, తాతముత్తాతల వంశాలు గీయించాడు. పోలీసులకు ఆ పట్టీలే ఆధారమయ్యాయి. 1942 డిసెంబరులో వాళ్ళను ఆష్విట్జ్‌కు తరలించమని ఉత్తర్వు వచ్చింది. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడ మిగిలిన నాలుగు వేల మందికి పైగా రోమాలను, ముసలివాళ్ళను, తల్లులను, పసిపిల్లలను విషవాయువు గదుల్లోకి తోశారు. మొత్తం మీద చనిపోయిన రోమాలు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటారని అంచనా.

'పుట్టుకతోనే నేరగాళ్ళు' అన్న మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 1871లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ తెచ్చిన నేరస్త జాతుల చట్టం అదే మాట అన్నది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల అన్నదమ్ములను 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టి అందులో ఉంచారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. జర్మనీలోనూ అంతే. హిట్లర్ చచ్చిన పదకొండేళ్ళకు, 1956లో, అక్కడి పై కోర్టే 1943కు ముందు రోమాలను పట్టి పంపింది జాతి పేరుతో కాదు, వాళ్ళ నడవడి వల్ల అని తీర్పు చెప్పింది. జరిగింది జాతి నిర్మూలన అని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 దాకా పట్టింది. హిట్లర్ వారసత్వం ఏమిటని అడిగితే మా జవాబు ఇదే: మనిషి పోయాక కూడా మిగిలే చూపు.

"క్రమశిక్షణ తెచ్చాడు, రోడ్లేశాడు, ఉద్యోగాలిచ్చాడు" అంటారు. కొలోన్ నుంచి బాన్‌కు వేసిన ఆ రకం పెద్ద రోడ్డు 1932లోనే, ఆయన రాకముందే తెరుచుకుంది. ఉద్యోగాలు చాలావరకు తుపాకులు, ట్యాంకులు చేసే పనిలో వచ్చాయి. ఆ ట్యాంకులు ఎక్కడికి పోయాయో తెలిసిందే. యూదులను కొలువుల నుంచి తీసేసి ఆ కుర్చీల్లో వేరేవాళ్ళను కూర్చోబెడితే అది ఉద్యోగం ఇవ్వడమా?

ఆయన వచ్చిన దారి కూడా గుర్తుంచుకోవాలి. 1932 జులై ఎన్నికల్లో ఆయన పార్టీకి నూటికి 37 ఓట్లు వచ్చాయి. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికల్లోనూ సగం దాటలేదు. గద్దెనెక్కిన నెలలోపే పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే పౌరహక్కులు రద్దు. 1933 మార్చి 23న, పార్లమెంటును అడగకుండానే చట్టాలు చేసుకునే అధికారం ఆయనకు ఇస్తూ 444 మంది చేతులెత్తారు, 94 మంది కాదన్నారు. కమ్యూనిస్టు సభ్యులు అప్పటికే జైళ్ళలోనో పరారీలోనో ఉన్నారు. ఒక్క కాగితంతో మిగతా కాగితాలన్నీ చిత్తయ్యాయి.

ఇప్పుడు మన ఇంటి కాగితాలు చూడండి. ఐదో షెడ్యూలు. 1970 నాటి 1/70. 1996 పెసా. 1997 సమతా తీర్పు. 2006 అటవీ హక్కుల చట్టం. ఇవన్నీ ఏదో ఒక రకంగా ఒకే మాట అంటాయి: ఆదివాసి నేల మీద చెయ్యి వేసే ముందు ఆగు. 'గట్టి నాయకుడు' కావాలనేవాళ్ళకు ఆ ఆగడమే నచ్చదు. వాళ్ళకు గ్రామసభ అంటే ఆలస్యం, అభ్యంతరం అంటే ద్రోహం. ఒరే అల్లుడా, ఆ ఆలస్యమే మన చేనికి కంచె. అందరినీ దారికి తెచ్చేవాడు వస్తే ముందుగా తెచ్చేది గట్టిగా అడ్డం చెప్పలేనివాళ్ళనే. నీ పట్టా కాగితం ఆయన బల్ల మీద ఎన్నాళ్ళుంటుంది?

ఇక పంతుళ్ళం, మన సంగతి. 1937 నాటికి జర్మనీలో నూటికి 97 మంది టీచర్లు నాజీ ఉపాధ్యాయ సంఘంలో ఉన్నారు. అందరూ రాక్షసులేం కాదు. మనలాగే జీతం, పిల్లలు, అప్పులు ఉన్నవాళ్ళు. ఆ బళ్ళలో జాతుల పాఠం చెప్పారు, పిల్లల తలలు కొలిచారు. లెక్కల పుస్తకంలో ఒక పిచ్చాసుపత్రికి ఇంత ఖర్చయితే ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ళు కట్టొచ్చో చెప్పమని లెక్కలిచ్చారు. భాగహారం నేర్చుకున్న పిల్లలు దాంతోపాటే కొందరు మనుషులు దండగ అనీ నేర్చుకున్నారు. తర్వాత ఆసుపత్రుల్లోని 70 వేల మంది వికలాంగులను, మానసిక రోగులను నిజంగానే చంపేశారు.

మన స్టాఫ్ రూముల్లో "నన్ను చూస్తే పిల్లలు హిట్లర్ అంటారు" అని మురిసిపోయే సార్లు లేరా? కోయలో మాట్లాడాడని పిల్లవాడి అరచేతుల మీద బెత్తం ఆడించిన చేతులు మనవి కావా? మావీ ఉన్నాయి, సిగ్గుతోనే చెప్తున్నాం. పిల్లవాడి భాషను తక్కువ చేసిన రోజు మనం కూడా ఆ నిచ్చెన ఎక్కినట్టే.

చదువు ఇంకో దారిలోనూ నడిచింది. హిట్లర్ 1938లో ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో అక్కడి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పాస్‌పోర్టు జర్మనీది అయింది. 1939లో యుద్ధం వచ్చేసరికి ఆయన ఇక్కడున్నాడు. శత్రు దేశస్థుడని ఇంగ్లీషువాళ్ళు హైదరాబాద్ రాజ్యం దాటనివ్వలేదు. చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య ఉన్నాడు. కొమురం భీం పోరు తర్వాత గోండుల దగ్గరికి వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. ఆయనను దేవుణ్ణి చేయనక్కర్లేదు. కానీ చూడండి, అవే ఏళ్ళలో అక్కడ రిట్టర్ మనుషులు గుడారం గుడారానికీ తిరిగి పట్టీ రాస్తే జనం చచ్చారు. ఇక్కడ గుడిసె గుడిసెకూ తిరిగి రాస్తే బడి వచ్చింది. మన డీఎడ్ చదువుకు ఆ మార్లవాయి కేంద్రం తాత లాంటిది. పిల్లవాడి పేరు ఎందుకు రాస్తున్నామో తెలిసి రాయడమే మన పని.

సాంఘిక శాస్త్రంలో నాజీల పాఠం ఉంది. దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేయకండి. రోమాల లెక్క బోర్డు మీద రాయండి. స్టువర్టుపురం పేరు చెప్పండి. 1/70 ఏమిటో అక్కడే కలిపి చెప్పండి. బడిలో ఎవరినీ ముద్దుగా 'హిట్లర్' అనొద్దనండి. యువకులు ఆ పుస్తకం చదవొద్దని మేము అనం. మా కుర్రాడి పుస్తకం లాక్కోలేదు. తిరుగు రైల్లో కాజీపేట దాకా వాడితో కలిసి పేజీలు తిప్పాం. తక్కువ జాతుల గురించి రాసిన చోట ఆపి, "ఇక్కడ నీ పేరు పెట్టుకుని చదువు" అన్నాం. చదివాడు. పుస్తకం మూసి గుండిగలో పడేశాడు.

మనకు గట్టి నాయకుడు అక్కర్లేదు, గట్టి గ్రామసభ కావాలి. మన చుట్టాలు ఎవరంటే ఆ పట్టీల్లో పేర్లున్నవాళ్ళు. పట్టీ రాయించినవాడు కాదు.