విన్న పిదపనే విచారణ



సహాయము కోరి వచ్చువారిని మన సంఘములో ప్రశ్నించు తీరు మారవలెను. ముందు నా తప్పు చెప్పుకొందును.

కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోవు వితంతువొకతె కుమారుని చదువునకై సహాయము కోరి వచ్చినది. నలుగురి యెదుట కాగితము పట్టుకొని, ఆదాయమెంత, అప్పెంత అని తమిళమున అడిగితిని. బాకీ వసూలుకు కూర్చున్న వర్తకుని ధోరణి యది! "అప్పేమీ లేదయ్యా" అని వెడలిపోయినది. మరునాడు నా భార్య ఆమెను ఇంటికి పిలిచి, మజ్జిగ యిచ్చి, మన యింటి తెలుగులో మంచిచెడ్డలడిగినది. వడ్డీ బాధయు, బిడ్డ అప్పటికే బడి మాని పనికి పోవుచున్న సంగతియు అప్పుడు బయటపడెను.

అమెరికాలో మేరీ రిచ్మండ్ 1917లో ప్రకటించిన గ్రంథమున తొలి సంభాషణకే ఒక యధ్యాయము కేటాయించి, ఓర్పుతో వినుటకు ప్రాముఖ్యమిచ్చెను.

మోసపోదుమని కొందరందురు. విచారణ వలదనుట లేదు; విన్న పిదప విచారింపుడు. కోవిల్‌పట్టి, విరుదునగర్‌లలో తెలుగు చదువలేని తెలుగువారెందరో కలరు. దరఖాస్తు తమిళముననే యుండనిండు. గోడు మాత్రము తెలుగున విందము. వేరు గదిలో విందము. విన్నది గడప దాటనీయకుందము. చేయలేనిదానికి మాట యీయకుందము. కార్యవర్గము దీనిని నియమముగా చేయవలెనని నా మనవి.