తవ్వేది మట్టినేనా?



మొన్నటి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఏడో తరగతి అమ్మాయి తల్లి ఒకరు రెండు కాగితాలు నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి ఫ్రేజల్ వెర్బ్స్ డిక్టేషన్. అందులో ఇరవైకి ఇరవై. రెండోది యూనిట్ టెస్ట్ కాంప్రహెన్షన్ పేపర్. అందులో ఒక ప్రశ్నకు సున్నా. "డిగ్ అప్ అంటే తవ్వుట" అని డిక్టేషన్‌లో రాసి మార్కు తెచ్చుకున్న పాప, కాంప్రహెన్షన్‌లో "ది రిపోర్టర్ డగ్ అప్ ఎన్ ఓల్డ్ లెటర్" అన్న వాక్యం చదివి, విలేకరి నేలను తవ్వి ఉత్తరం తీశాడని రాసింది. ఆ పాసేజ్‌లో విలేకరి రికార్డు రూమ్ దాటి బయటికే వెళ్లలేదు. పాత ఫైళ్లన్నీ తిరగేసి, అందరూ మరిచిపోయిన ఒక ఉత్తరాన్ని వెలికి తీశాడు.

"అర్థం కరెక్ట్‌గానే నేర్చుకుంది కదా మేడం, మరి మార్కు ఎందుకు పోయింది?" అని ఆ తల్లి అడిగారు. వెంటనే గొంతు తగ్గించి, "మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం మేడం. మా అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు. దానివల్లే వెనకబడుతోందేమో. ఇకనుంచి ఇంట్లో ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడమని చెప్పమంటారా?" అన్నారు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: తప్పు పాపది కాదు, లిస్టుది. ఆ లిస్టు ఇచ్చింది మేమే. రెండో ప్రశ్నకు నా జవాబు: వద్దమ్మా. ఈ రెండు జవాబులకూ సంబంధం ఉంది. ఆ ఇంట్లోని తెలుగే పాపకు ఆ మార్కు తెచ్చిపెట్టగలిగేది. మేము దాన్ని వాడుకోలేదు.

పక్కనే నిలబడ్డ పాపను అడిగాను. "మీ నాన్నమ్మ ఎప్పుడైనా 'పాత గొడవలన్నీ ఇప్పుడు తవ్వకండి' అంటారా?"

"అంటుంది మేడం, అమ్మా నాన్నా వాదించుకునేటప్పుడు."

తల్లి నవ్వేశారు. "మరి అప్పుడు నాన్న చేతిలో గునపం ఉంటుందా?" అన్నాను. పాప పకపకా నవ్వింది. నవ్వుతూనే కాంప్రహెన్షన్ పేపర్ వైపు చూసి, "ఆ లెటర్ కూడా అలాంటిదేనా మేడం?" అంది.

లిస్టు చెప్పలేకపోయినది నాన్నమ్మ మాట అర నిమిషంలో చెప్పింది.

మట్టి పోయినా మిగిలేది

మాటకు ఉన్న అసలు అర్థం నుంచే రెండో అర్థం పుడుతుంది. పిల్లలకు ఆ దారి చూపిస్తే బట్టీ అవసరం చాలావరకు తగ్గుతుంది. డిగ్ అప్‌నే తీసుకుందాం.

మన వీధిలో కొత్తగా రోడ్డు వేసిన నెలకే నీళ్ల పైపు కోసమో, కేబుల్ కోసమో మళ్లీ తవ్వేస్తారు. "దే డగ్ అప్ ది రోడ్" అంటే అదే. నిజామాబాద్ వైపు, దుగ్గిరాల వైపు రైతులు పసుపు కొమ్ములను నేలలోంచి తవ్వి తీస్తారు. అదీ డిగ్ అప్పే. పసుపు తవ్వడంలో మూడు సంగతులు ఉన్నాయి. ఆ వస్తువు పైకి కనబడకుండా ఉంది. దాన్ని తీయడానికి కష్టపడాలి. చివరికి అది పైకి వచ్చింది.

ఇప్పుడు మట్టిని పక్కన పెట్టి ఈ మూడింటినే ఉంచండి. ఫైళ్లలో దాగిన ఉత్తరం, ఎవరూ చెప్పని నిజం, ఎప్పుడో జరిగిన గొడవ, ఎదుటివాళ్ల లోపాలు. వీటన్నిటినీ ఇంగ్లిష్‌లో డిగ్ అప్ చేయవచ్చు. "డిగ్ అప్ ది పాస్ట్" అంటే నాన్నమ్మ వద్దన్న పనే. "డిగ్ అప్ డర్ట్" అంటే ఒకరి పరువు తీసే సంగతులు వెతికి బయటపెట్టడం.

కష్టపడటం అన్న సంగతి ఇక్కడ ముఖ్యం. డిక్షనరీలో ఒక పదానికి అర్థం చూస్తే దాన్ని డిగ్ అప్ అనరు, లుక్ అప్ అంటారు. అది అక్కడే కనబడేలా ఉంది, పేజీ తిప్పితే చాలు. రెండింటికీ "వెతుకుట" అని ఒకే అర్థం రాయించే లిస్టులో ఈ తేడా కనబడదు.

ఒక్కోసారి రెండు అర్థాలూ ఒకే చోట కలుస్తాయి. అమరావతి స్తూపం కథ అలాంటిది. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, ఇటుకల కోసం, రాళ్ల కోసం అక్కడి పాత దిబ్బను తవ్వారు. చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి తెలిసి కాలిన్ మెకంజీ వచ్చి చూశారు. 1816లో మళ్లీ వచ్చి, తన బృందంతో ఆ శిల్పాల బొమ్మలు గీయించారు. తర్వాత ఆ పలకలు చెల్లాచెదురయ్యాయి. చాలావరకు ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏ పలక స్తూపం మీద ఎక్కడ ఉండేదో తెలుసుకోవాలంటే పరిశోధకులు ఇవాళ ఆ పాత బొమ్మలను, నివేదికలను తిరగేయాలి. ఆనాడు కూలీలు గునపాలతో చేసినదీ డిగ్ అప్, ఈనాడు పరిశోధకులు కాగితాల్లో చేస్తున్నదీ డిగ్ అప్. ఈ ఒక్క కథ విన్న పిల్లలు ఆ రెండు అర్థాలనూ విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

వెనకున్న చిన్న మాట

ఫ్రేజల్ వెర్బ్‌లో పిల్లలు పట్టించుకోనిది వెనకుండే చిన్న మాటను. డిగ్ అంటే తవ్వు. అప్ అంటే పైకి, కనబడేలా. ఇన్ అంటే లోపలికి. ఈ చిన్న మాట మారితే పనే మారిపోతుంది.

తోటలో ఎరువు చల్లి, తవ్వి, మట్టిలో కలిపితే దాన్ని డిగ్ ఇన్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 చివరికల్లా ఫ్రాన్స్, బెల్జియంలలో రెండు వైపుల సైన్యాలూ కందకాలు తవ్వుకొని వాటిలోనే ఉండిపోయాయి. అదీ డిగ్ ఇన్. ఇక్కడ పైకి వచ్చేది ఏమీ లేదు. లోపలికి దిగి, అక్కడే స్థిరపడటం. ఆ అర్థాన్నే మనుషుల పట్టుదలకూ వాడతారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్ట్ చివరి రోజు మన ఆంధ్ర క్రికెటర్ హనుమ విహారి తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి, 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రాగా ముగించారు. అలాంటి ఆటనే ఇంగ్లిష్ కామెంటరీలో "డగ్ ఇన్" అంటారు. దీనికి "హీల్స్", అంటే మడమలు, అన్న మాట చేర్చి "డగ్ ఇన్ హిజ్ హీల్స్" అంటే, మన భాషలో భీష్మించుకు కూర్చున్నాడని.

"విహారి డగ్ అప్" అని పొరపాటున రాస్తే వాక్యం విహారిని పిచ్ తవ్వే మనిషిని చేస్తుంది! ఈ ఉదాహరణ చెబితే క్లాసంతా నవ్వుతుంది, ఆ తర్వాత అప్‌కీ ఇన్‌కీ తేడా మరిచిపోరు.

మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. బ్యాట్స్‌మన్ బౌలర్లను "ఉతికి ఆరేశాడు" అంటే ఎవరూ బట్టల కోసం వెతకరు. "అమ్మ నాన్నను కడిగిపారేసింది" అంటే నీళ్లు ఎక్కడని అడగరు. రెండు క్రియలను కలిపి, అసలు అర్థాన్ని దాటి మాట్లాడటం తెలుగు ఇంట్లో పెరిగే బిడ్డకు బడికి రాకముందే వచ్చు. ఇంట్లో తెలుగు మాన్పిస్తే ఆ బిడ్డ చేతిలో ఉన్న పనిముట్టును మనమే లాక్కున్నట్టు. దాని బదులు చేతికిచ్చేది చాలా ఇళ్లలో పది ఇరవై వాక్యాల ఇంగ్లిష్ మాత్రమే. "కమ్", "ఈట్", "డు హోంవర్క్" అనే ఇంట్లో సామెతలు ఉండవు, వేళాకోళాలు ఉండవు, పాత గొడవలు తవ్వొద్దనే నాన్నమ్మ కూడా మాట్లాడకుండా కూర్చుంటుంది.

అన్నీ సరిగ్గా కుదరవు

తెలుగు సాయం తీసుకోవడం అంటే మాటకు మాట మార్చడం కాదు. "తన గొయ్యి తానే తవ్వుకున్నాడు" అన్నదానికి ఇంగ్లిష్‌లో "డగ్ హిజ్ ఓన్ గ్రేవ్" సరిగ్గా సరిపోతుంది. "నాకు గోతులు తవ్వుతున్నాడు" అన్నదానికి డిగ్ అప్ కుదరదు. అక్కడ మన అర్థం కుట్ర పన్నడం. భోజనం బల్ల దగ్గర "డిగ్ ఇన్!" అంటే "కానివ్వండి, మొదలుపెట్టండి" అని. దాన్ని "తవ్వండి" అని తెలుగులోకి తెస్తే నవ్వులపాలవుతాం. ఇలాంటి చోట్ల టీచర్ ఉండాలి, వాక్యం ఉండాలి. కుదిరేవి ఏవో, కుదరనివి ఏవో పిల్లలతో కలిసి తేల్చుకోవడమే అసలు పాఠం.

వాడకంలోనూ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. గతకాలంలో పిల్లలు తరచు "డిగ్డ్" అని రాస్తారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఆ రూపం నిజంగానే ఉంది. కానీ ఇవాళ పరీక్షలో "డగ్" అనే రాయాలి. రెండోది: "డగ్ అప్ ది రోడ్", "డగ్ ది రోడ్ అప్" రెండూ ఒప్పే. "ఇట్" వాడితే మాత్రం "డగ్ ఇట్ అప్" అనాలి, "డగ్ అప్ ఇట్" అనకూడదు.

మరి లిస్టులు మానేయాలా?

కొందరు తల్లిదండ్రులు నాతో అంటారు: "పరీక్ష దగ్గర పడ్డాక కథలు చెప్పుకుంటూ కూర్చుంటే ఎలా మేడం? లిస్టు ఉంటే రివిజన్‌కు సుఖం." ఆ మాటలో న్యాయం ఉంది. పరీక్ష ముందు రోజు రాత్రి ఒక పేజీ చూసుకోవడానికి పిల్లలకు ఏదో ఒకటి ఉండాలి. లిస్టు వల్ల ధైర్యం వస్తుంది. నేను దాన్ని చింపేయమనడం లేదు.

నా అభ్యంతరం రెండింటికి. ఒకటి, లిస్టుతో మొదలుపెట్టడం. వాక్యాలు చూసి, అర్థం తేల్చుకున్న తర్వాత పిల్లలే రాసుకునే లిస్టు మంచిది. మేము జిరాక్స్ తీసి పంచేది కాదు. రెండు, ఒక మాటకు ఒకే అర్థం రాయడం. కనీసం రెండు వాక్యాలు ఉండాలి: ఒకటి మట్టి ఉన్నది, ఒకటి మట్టి లేనిది.

ఇలా చేస్తే నెలకు నలభై ఫ్రేజల్ వెర్బ్స్ పూర్తికావు. పదో పన్నెండో అవుతాయి. "పక్క స్కూల్లో నలభై చెప్పారట" అని మీలో కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడే మేము కూడా నలభై ఇస్తూ వచ్చాం. ఆ భయం మాకు పోవాలంటే మీ సాయం కావాలి. ఎన్ని చెప్పారని కాక, ఏవి వాడగలుగుతున్నారని మమ్మల్ని అడగండి. మీరు కడుతున్న ఫీజుకు ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ఇంట్లో చేయగలిగినవి

మీకు ఇంగ్లిష్ ఎంత వచ్చు అన్నదానితో వీటికి పని లేదు.

పిల్లలు ఒక ఫ్రేజల్ వెర్బ్ చెప్పినప్పుడు "అర్థం ఏంటి?" అని అడగకండి. "ఏం తవ్వారు?" అని అడగండి. రోడ్డు, దుంపలు, పసుపు అని జవాబు వస్తే అసలు అర్థం. నిజాలు, రహస్యాలు, పాత సంగతులు అంటే రెండో అర్థం. "పోలీసులు సాక్ష్యం తవ్వి తీశారు" అంటే పెరట్లో దొరికిందా, ఫైళ్లలో దొరికిందా అని అడిగితే ముందూ వెనకా ఉన్న వాక్యాలు చదివి చెప్పాల్సి వస్తుంది. కాంప్రహెన్షన్ అంటే అదే.

రాత్రి భోజనాల దగ్గర తెలుగులో అలాంటి మాట ఒకటి వెతకమనండి. ఉతికి ఆరేయడం, తీసిపారేయడం, నెత్తిన పెట్టుకోవడం, ఏదైనా సరే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లనే అడగమనండి. ఈ విషయంలో ఇంగ్లిష్ రాని నాన్నమ్మే ఇంట్లో మంచి టీచర్.

తప్పు చెప్పినప్పుడు వెంటనే దిద్దకండి. ఆ తప్పు వాక్యంతో ఏ బొమ్మ కనబడుతోందో చెప్పమనండి. పిచ్ తవ్వుతున్న బ్యాట్స్‌మన్ కనబడితే వాళ్లే దిద్దుకుంటారు.

ఆ రోజు మీటింగ్ అయ్యాక పాప వెళ్తూ వెళ్తూ తల్లితో, "నాన్నమ్మకు చెప్తా, తన మాట వల్ల నాకు అర్థమైందని" అంది. ఆ ప్రశ్నకు పోయిన మార్కు మేం తిరిగి ఇవ్వలేదు. వాక్యం మాత్రం ఇప్పుడు ఆ పాపకు అర్థమైంది.

వచ్చే మీటింగ్‌కు డిక్టేషన్ పేపర్‌తో పాటు మీ అబ్బాయో అమ్మాయో సొంతంగా రాసిన రెండు వాక్యాలు కూడా తీసుకురండి. ఒకటి మట్టి ఉన్నది, ఒకటి మట్టి లేనిది. మార్కుల సంగతి తర్వాత, ముందు వాటి గురించి మాట్లాడుకుందాం.